రాకడకి సిద్ధపడటం అంటే అసలు ఏం చెయ్యాలి? ఆలస్యం గురించి యేసు చెప్పిన మాటలు

ఎక్కడో యుద్ధం మొదలైందన్నా, భూకంపం వచ్చిందన్నా, కొత్త జబ్బు పుట్టిందన్నా మన కూడికల్లో వెంటనే వినపడే మాట ఒకటే, రాకడ (అంటే యేసు రెండోసారి రావడం) దగ్గరపడింది అని. యూట్యూబ్ తెరిస్తే ఎర్ర అక్షరాలతో "ఈ సంవత్సరమే ఎత్తబడబోతున్నాం" (అంటే ప్రభువు మనల్ని ఆకాశంలోకి తీసుకెళ్లబోతున్నాడు) లాంటి తంబ్‌నెయిల్స్ వరసగా కనపడతాయి, వాటికి వ్యూస్ కూడా బాగానే వస్తాయి. అయితే ఇంత మాట్లాడుతున్నా సరే, ఒక మామూలు విశ్వాసిని పట్టుకుని "సిద్ధపడటం అంటే రేపు పొద్దున లేచి నువ్వు ఏం చెయ్యాలి" అని అడిగితే చాలామంది దగ్గర స్పష్టమైన జవాబు ఉండదు. ప్రార్థన ఎక్కువ చెయ్యాలి, లోకం విడిచిపెట్టాలి అంటారు. అవి తప్పు అని కాదు, కానీ యేసు స్వయంగా ఈ విషయం మీద మాట్లాడినప్పుడు అంతకంటే చాలా వివరంగా మాట్లాడాడు, ఆ వివరమే మన బోధల్లో తగ్గిపోతోంది.

ఒలీవల కొండ మీద శిష్యులు ఆయన్ని అడిగిన ప్రశ్న కూడా మనం అడిగేదే. ఇవి ఎప్పుడు జరుగుతాయి, నీ రాకడకి సూచన ఏంటి అని. మత్తయి సువార్త 24, 25 అధ్యాయాలు మొత్తం ఆ ప్రశ్నకి జవాబు. యుద్ధాలు, కరువులు, భూకంపాలు, అబద్ధ ప్రవక్తలు, ఇవన్నీ 24వ అధ్యాయం మొదటి సగంలో వస్తాయి, అక్కడ కూడా ఆయన వెంటనే అన్న మాట కలవరపడకండి, అంతం వెంటనే రాదు అని. 36వ వచనానికి వచ్చేసరికి ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు, దూతలకీ తెలియదు, కుమారుడికి కూడా తెలియదు అని తలుపు మూసేశాడు. అక్కడినుంచి 25వ అధ్యాయం చివరిదాకా "ఎప్పుడు" అనే దాని మీద ఒక్క లెక్క కూడా చెప్పలేదు, అన్నీ కథలే, ఆ కథలన్నీ ఎదురుచూసేవాళ్లు ఆ మధ్యకాలంలో ఎలా బతికారు అన్నదాని మీదే.

ఆ కథల్ని పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మొదటి కథలో చెడ్డ దాసుడు "నా యజమాని ఆలస్యం చేస్తున్నాడు" అనుకుంటాడు. రెండో కథలో పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తాడు. మూడో కథలో దాసులకి తలాంతులు (అంటే పెద్ద మొత్తం డబ్బు) ఇచ్చిన యజమాని చాలాకాలం తర్వాత తిరిగొస్తాడు. మూడింట్లోనూ ఆలస్యం ఉంది. అంటే ఆయన తొందరగా వచ్చేస్తాడేమో అన్నదొక్కటే కాదు, అనుకున్నదానికంటే లేటుగా వస్తే మనం ఏమైపోతాం అన్నది కూడా యేసు ముందే ఆలోచించి చెప్పాడు, పైగా ఎక్కువ కథలు దాని గురించే చెప్పాడు. ఈ రాత్రే వస్తాడు అంటే ఒక్క రాత్రి మెలకువగా ఉండటం ఎవరికైనా సాధ్యమే, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి చర్చి కిటకిటలాడటం చూస్తూనే ఉన్నాం కదా. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు, ఒక జీవితకాలం మొత్తం ఆయన రాకపోయినా అదే నమ్మకంతో అదే నిజాయితీతో ఉండగలగడం, సిద్ధపాటు తేలేది అక్కడ.

ఆ మొదటి కథలో నమ్మకమైన దాసుడికి ఇచ్చిన పని ఏంటో చూడండి. ఇంట్లో ఉన్న మిగతా పనివాళ్లకి టైముకి అన్నం పెట్టడం. ఆకాశం వైపు చూస్తూ కూర్చోమనలేదు, వేళకి అన్నం పెట్టమన్నాడు. యజమాని వచ్చినప్పుడు ఆ పని చేస్తూ కనపడితే వాడు ధన్యుడు అన్నాడు. చెడ్డ దాసుడు ఏం చేశాడంటే తోటి దాసుల్ని కొట్టాడు, తాగుబోతులతో కలిసి తిన్నాడు తాగాడు. రాకడని నమ్మకపోవడం అనేది ముందు సిద్ధాంతంలో బయటపడదు, కింద ఉన్న మనుషుల మీద చెయ్యి లేపడంలో బయటపడుతుంది అని ఇక్కడ అర్థమవుతోంది. ఇది చాలా సీరియస్ మాట. ఎందుకంటే రాకడ గురించి గంటలు గంటలు వాక్యం చెప్పే మనిషి ఇంట్లో భార్యని తిడుతూ కొడుతూ ఉంటే, లేదా పనిమనిషికి జీతం ఎగ్గొడుతూ ఉంటే, ఆయన నోటితో నమ్మేది ఒకటి, బతుకుతో నమ్మేది ఇంకోటి. ఆ దాసుడు కూడా యజమాని రాడు అని ఎప్పుడూ బయటికి అనలేదు, మనసులో "ఇప్పుడప్పుడే రాడులే" అనుకున్నాడు అంతే.

పదిమంది కన్యకల కథ మన తెలుగువాళ్లకి కొంచెం ఈజీగానే అర్థం కావాలి, ఎందుకంటే మన పెళ్లిళ్లలో ఎదురుకోలు ఉంది. మగపెళ్లివాళ్లు ఊరి పొలిమేరకో విడిదికో వచ్చారనగానే ఆడపెళ్లివాళ్లు మేళతాళాలతో ఎదురెళ్లి తీసుకురావడం, వాళ్లు రెండు గంటలకి వస్తామని రాత్రి పదింటికి రావడం, ఈలోపు వండినవి చల్లారిపోవడం, పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోవడం, ఇవన్నీ మనకి తెలిసినవే. ఈ కథలో చాలామంది గమనించని విషయం ఏంటంటే పదిమందీ నిద్రపోయారు, బుద్ధిగలవాళ్లు కూడా కునికి నిద్రపోయారు, దానికి వాళ్లని ఎవరూ తిట్టలేదు. మనుషులం కాబట్టి అలిసిపోతాం, అది నేరం కాదు. తేడా వచ్చింది సిద్దెల్లో (అదనపు నూనె తెచ్చుకునే పాత్రల్లో) నూనె దగ్గర. బుద్ధిలేనివాళ్లు దీపాలు తెచ్చారు, అవి వెలుగుతున్నాయి కూడా, బయటినుంచి చూస్తే పదిమందికీ ఏ తేడా లేదు, అందరూ పెళ్లికొడుకు కోసమే వచ్చారు. కాకపోతే ఐదుగురు ఆయన టైముకి వచ్చేస్తాడు అన్న లెక్కతో వచ్చారు, ఐదుగురు ఎంత ఆలస్యమైనా ఉండేలా వచ్చారు. అర్ధరాత్రి పెళ్లికొడుకు వచ్చేసరికి బుద్ధిలేనివాళ్ల దీపాలు ఆరిపోతున్నాయి, పక్కవాళ్లని నూనె అడిగితే దొరకలేదు.

నూనె అంటే ఏంటి అన్నదాని మీద చాలా బోధలు ఉన్నాయి, పరిశుద్ధాత్మ అని కొందరు, విశ్వాసం అని కొందరు, మంచి క్రియలు అని ఇంకొందరు. ఏది తీసుకున్నా ఒక విషయం మారదు, అది అర్ధరాత్రి పక్కవాళ్లని అడిగి తెచ్చుకునేది కాదు. అమ్మ ప్రార్థనాపరురాలు అయితే అది అమ్మది. తాత ఆ ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాడు అయితే అది తాతది. పాస్టర్ గారి ఉపవాసాలు పాస్టర్ గారివి. ఏళ్ల తరబడి రోజుకి కొంచెం కొంచెంగా దేవుడితో నడిచి కూడబెట్టుకున్నది ఏదైతే ఉందో, సంకట సమయంలో ఉండేది అదొక్కటే.

ఆలస్యాన్ని తట్టుకోలేక తేదీ పెట్టేసుకున్నవాళ్ల చరిత్ర చూస్తే యేసు ఎందుకు అంత గట్టిగా చెప్పాడో తెలుస్తుంది. అమెరికాలో విలియం మిల్లర్ అని ఒక బాప్టిస్టు రైతు ఉండేవాడు, న్యూయార్క్ రాష్ట్రంలో 'లో హ్యాంప్టన్' అనే ఊరు. బైబిల్లో దానియేలు 8:14లో ఉన్న 2300 దినాలని సంవత్సరాలుగా లెక్కగట్టి, క్రీస్తుపూర్వం 457 నుంచి మొదలుపెట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు వస్తాడు అన్నాడు. ఆయన మోసగాడు కాదు, బైబిల్ని ప్రేమించి ఏళ్ల తరబడి చదివిన మనిషి, ఖచ్చితమైన రోజు చెప్పడానికి మొదట్లో ఆయన ఇష్టపడలేదు కూడా. కానీ ఉద్యమం పెరిగాక చివరికి 1844 అక్టోబర్ 22 అనే తేదీ మీదకి వచ్చింది, వేలమంది నమ్మారు, కొందరు రైతులు పంట కొయ్యకుండా పొలంలోనే వదిలేశారు, ఎందుకంటే కోస్తే నమ్మకం లేనట్టు అవుతుంది కదా. ఆ రాత్రి గడిచిపోయింది, క్రీస్తు రాలేదు. తెల్లారేదాకా ఏడుస్తూనే ఉన్నాం అని వాళ్లలో ఒకరైన హైరం ఎడ్సన్ తర్వాత రాసుకున్నాడు. చరిత్రలో దాన్ని మహా నిరాశ అంటారు. చాలామంది విశ్వాసం వదిలేసి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లలో కొందరి నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. మిల్లర్ 1849లో ఇంకా ఆ ఎదురుచూపులోనే చనిపోయాడు.

అంత నిజాయితీ ఉన్నవాళ్లకే అలా అయితే నిజాయితీ లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. దక్షిణ కొరియాలో దామి మిషన్ అనే గుంపు 1992 అక్టోబర్ 28న ఎత్తబడతాం అని చెప్పింది, జనం ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్ముకున్నారు. ఆ తేదీకి ముందే వాళ్ల నాయకుడు మోసం కేసులో అరెస్ట్ అయ్యాడు, విశ్వాసులు ఇచ్చిన డబ్బుతో ఆయన కొన్న బాండ్లు 1993లో మెచ్యూర్ అయ్యేవి. ఇంకా దగ్గరి ఉదాహరణ హెరాల్డ్ క్యాంపింగ్, కాలిఫోర్నియాలో ఫ్యామిలీ రేడియో అనే క్రైస్తవ రేడియో నడిపిన పెద్దాయన. 1994 అన్నాడు, జరగలేదు. 2011 మే 21 అన్నాడు, ఊరూరా హోర్డింగులు పెట్టించారు, న్యూయార్క్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి తన సేవింగ్స్ 1,40,000 డాలర్లు ఆ ప్రకటనలకే పెట్టేశాడు. జరగకపోతే అక్టోబర్ 21 అన్నాడు, అదీ జరగలేదు. 2012 మార్చిలో మాత్రం తేదీ చెప్పడం పాపం అని ఒప్పుకుంటూ లెటర్ రాశాడు, ఆ ఒప్పుకోలుని గౌరవించాలి, కానీ పోయిన డబ్బులు, చెదిరిన కుటుంబాలు, బయటివాళ్ల ముందు నవ్వులపాలైన సువార్త వెనక్కి రాలేదు.

ఇది ఈ కాలం రోగం కూడా కాదు, మొదటి శతాబ్దంలోనే ఉంది. థెస్సలొనీక సంఘం పుట్టి ఎంతో కాలం కాకముందే పౌలు వాళ్లకి రెండు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, రెండింట్లోనూ రాకడ విషయమే పెద్దది. ప్రభువు దినం వచ్చేసింది అని ఎవరో పౌలు పేరు మీదే పుకారు పుట్టించినట్టు ఉన్నారు, అందుకే రెండో పత్రికలో ఆత్మవలన గానీ మాటవలన గానీ మా దగ్గరినుంచి వచ్చిందని చెప్పే ఉత్తరం వలన గానీ తొందరపడి చంచలపడొద్దు అన్నాడు. ఈ రోజుల్లో వాట్సాప్ ఫార్వర్డ్‌కి కూడా అదే వర్తిస్తుంది. అదే పత్రిక మూడో అధ్యాయంలో కొందరు పని మానేసి ఇతరుల జోలికి పోతూ తిరుగుతున్నారు అని ఉంది, వాళ్లు రాకడ వచ్చేస్తోందనే పని మానేశారు అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. పౌలు వాళ్లకి ఇచ్చిన ఆజ్ఞ చాలా సింపుల్, నెమ్మదిగా పని చేసుకుని సొంత అన్నం తినండి, పని చెయ్యనివాడు తినకూడదు. ఆయన చెప్పేవాడే కాదు, డేరాలు కుట్టుకుంటూ రాత్రింబగళ్లు కష్టపడి ఎవరికీ భారం కాకుండా సువార్త చెప్పినవాడు. ప్రభువు ఏ క్షణమైనా రావచ్చు అని పౌలుకంటే గట్టిగా నమ్మినవాడు ఎవరున్నారు? ఆయన కుట్టుపని ఆపలేదు.

దీనికి సరిగ్గా సరిపోయే సంఘటన ఒకటి 1780లో అమెరికాలోనే జరిగింది. మే 19న అమెరికా ఈశాన్యంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతమంతా పట్టపగలు చీకటైపోయింది, కోళ్లు గూళ్లకి చేరాయి, ఇళ్లల్లో దీపాలు పెట్టుకున్నారు, అడవి మంటల పొగ మంచుతో కలిసి కమ్మేసిందని తర్వాత తేలింది గానీ ఆరోజు జనం తీర్పు దినం వచ్చేసింది అనుకున్నారు. హార్ట్‌ఫర్డ్‌లో కనెక్టికట్ చట్టసభ జరుగుతోంది, వాయిదా వేసుకుని ఇళ్లకి పోదాం అన్నారు. అబ్రాహాం డావెన్‌పోర్ట్ అనే సభ్యుడు లేచి, తీర్పు దినం వచ్చిందా రాలేదా అన్నది రెండే, రాకపోతే వాయిదా అక్కర్లేదు, వచ్చి ఉంటే నా డ్యూటీ చేస్తూ కనపడటమే నాకిష్టం, కొవ్వొత్తులు తెప్పించండి అన్నాడు. మత్తయి 24లో అన్నం పెడుతున్న దాసుడు ఇలాగే ఉంటాడు.

మన తెలుగు సంఘాల్లో ఈ ఎదురుచూపు చాలా లోతుగా ఉంది, దాన్ని తక్కువ చెయ్యకూడదు. సి.ఎస్.ఐ., లూథరన్, కాథలిక్ ఆరాధనల్లో క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అది మొదటి రాకడతో పాటు రెండో రాకడ కోసం కూడా. ప్రభువు బల్ల తీసుకున్న ప్రతిసారీ ఆయన వచ్చువరకు ఆయన మరణాన్ని ప్రకటిస్తున్నాం అని పౌలు రాశాడు కాబట్టి రొట్టె ద్రాక్షారసం తీసుకునే ప్రతి విశ్వాసీ తెలిసో తెలియకో రాకడ సిద్ధపాటులోనే ఉన్నాడు.  1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు రాజమండ్రిలో మొదలుపెట్టిన బైబిలు మిషన్ అయితే సంఘాన్ని క్రీస్తుకి పెండ్లికుమార్తెగా సిద్ధపరచడం అన్నదాన్నే తన బోధకి గుండెకాయలా పెట్టుకుంది.

అభిప్రాయభేదాలు ఉన్నాయి. మహాశ్రమలకి (చివరి రోజుల్లో వచ్చే ఘోరమైన కష్టకాలానికి) ముందే సంఘం ఎత్తబడుతుంది అనే వరుసక్రమం 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ బోధల ద్వారా బాగా పాకింది, మన బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువమంది అదే నమ్ముతారు. కాథలిక్కులు, లూథరన్లు అలా రెండు దశలుగా చూడరు, ఒకే రాకడ, ఒకే తీర్పు అంటారు. క్రీస్తు వెయ్యేళ్ల పరిపాలన విషయంలోనూ ఇంతే. దీని మీద గొడవలు పడి సంఘాలు చీలిపోవడం బాధాకరం, ఎందుకంటే ఏ వరుస నమ్మినా సరే ఆయన స్వయంగా వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, అందరం ఆయన ముందు నిలబడాలి, ఆ రోజు ఎవరికీ తెలియదు అన్న దగ్గర అందరూ ఒకటే.

అసలు ఇబ్బంది భయంతో సిద్ధపరచాలని చూడటం. ఆధార్ కార్డే 666 ముద్ర (ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం గుర్తు) అని కొంతకాలం నడిచింది, బార్‌కోడ్ అన్నారు, కోవిడ్ టీకా వేయించుకుంటే ముద్ర వేయించుకున్నట్టే అని కొందరు చెప్తే నమ్మి పెద్దవాళ్లకి టీకా వేయించనివాళ్లు ఉన్నారు. ప్రకటన 13వ అధ్యాయంలో ముద్ర ఆరాధనతో కలిపి ఉంది, మృగానికి మొక్కినవాళ్లకి ఆ గుర్తు, తెలియకుండా చేతికి అంటుకునే మరక కాదు అది. చిన్నపిల్లలకి "అమ్మానాన్న ఎత్తబడితే నువ్వు ఒక్కదానివే మిగిలిపోతావు" అని చెప్పి భయపెట్టడం కూడా ఉంది. స్కూల్ నుంచి వచ్చి ఇంట్లో ఎవరూ కనపడకపోతే గుండె ఆగినంత పని అయ్యే పిల్లలు ఎంతమందో. ఆ భయంలో చేసిన తీర్మానాలు ఆ వారం ఉంటాయి, పిల్లలు పెద్దయ్యాక ఆ భయంతో పాటు దేవుణ్ణి కూడా వదిలేస్తే దానికి జవాబు చెప్పాల్సింది మనమే. 1 థెస్సలొనీకయ 4లో పౌలు దేవుని బూర గురించి, మేఘాల గురించి చెప్పి చివర్లో అన్నది ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని. అయినవాళ్లని పాతిపెట్టి ఏడుస్తున్న సంఘానికి రాసిన ఓదార్పు అది, సమాధి దగ్గర చదవడానికి రాసింది.

మరి సిద్ధపాటులో ఏమేం ఉంటాయి అంటే, పునాది ముందు చెప్పుకోవాలి, మన క్రియలతో ఆ రోజు నిలబడలేం, సిలువ మీద ఆయన చేసినదాని మీదే నిలబడతాం. దాని మీద 1 యోహాను 3:3 ఉంది, ఆయన మీద ఈ నిరీక్షణ ఉన్న ప్రతివాడూ తనని తాను పవిత్రంగా చేసుకుంటాడు. ఇది వినడానికి పెద్ద మాటగా ఉన్నా చెయ్యాల్సి వచ్చేసరికి చాలా మామూలు పనులుగా మారిపోతుంది. పొలం గట్టు దగ్గర తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవు అనుకోండి, బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. తీసుకున్న అప్పు ఎగ్గొట్టాం అనుకోండి, పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసు తన ఇంటికి వచ్చిన రోజే నాలుగింతలు తిరిగిస్తా అన్నాడు. ఎవరికీ తెలియకుండా ఫోన్‌లో చూస్తున్నవి ఉంటాయి, ఆఫీసులో పెట్టే దొంగ బిల్లులు ఉంటాయి, కోడలి దగ్గర కట్నం గురించి ఎత్తిపొడిచే మాటలు ఉంటాయి, చర్చిలో పక్క బెంచీలో కూర్చున్నవాడిని కులం చూసి దూరం పెట్టడం ఉంటుంది. అందరం ఒకే బల్ల దగ్గరికి రమ్మని పిలిచే పెండ్లికొడుకు కోసం ఎదురుచూస్తూ ఆ బల్ల దగ్గరే మనుషుల్ని విడదీస్తే అది ఎలాంటి సిద్ధపాటు?

లూకా 21:34లో యేసు ఇంకో మాట అన్నాడు, తిండి, మత్తు, వాటితో పాటు ఐహిక విచారాల వల్ల కూడా హృదయం మందమైపోతుంది అని. తాగుడు గురించి మన చర్చిల్లో బాగానే చెప్తారు, విచారాల గురించి తక్కువ. ఈఎంఐలు, పిల్లల ఫీజులు, వీసా స్టాంపింగ్, ప్లాట్ రిజిస్ట్రేషన్, వీటిలో ఏదీ పాపం కాదు, కానీ వీటితోనే తెల్లారి వీటితోనే పొద్దుపోతుంటే లోపల ఆయన కోసం ఎదురుచూసే చోటు మెల్లగా మూసుకుపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. రోజువారీ ప్రార్థన, వాక్యం, ఆదివారం కూడిక మానకపోవడం ఇందుకే అవసరం, ఆ దినం దగ్గరపడే కొద్దీ కూడుకోవడం మరి ఎక్కువగా చెయ్యమని హెబ్రీ 10:25 చెప్పింది, ఒంటరిగా ఎక్కువకాలం మెలకువగా ఉండటం కష్టం.

అంటే గుర్తుల్ని అసలు చూడొద్దా అని అడిగేవాళ్లు ఉంటారు. చూడాలి, అంజూరపు చెట్టు చిగురు వేస్తే ఎండాకాలం దగ్గరైందని తెలుసుకోమన్నది ఆయనే. యుద్ధం వార్త విన్నప్పుడు ఇది ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రల్లో ఎన్నో ముద్ర అని లెక్కపెట్టడంతో ఆగిపోకుండా అక్కడ చచ్చిపోతున్నవాళ్ల కోసం మోకరించగలిగితే గుర్తుని సరిగ్గా చదివినట్టే. ఆయన ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో కూడా 2 పేతురు 3:9 చెప్పేసింది, ఎవరూ నశించకూడదు, అందరూ మారుమనసు పొందాలి అని దీర్ఘశాంతం చూపిస్తున్నాడు. ఆ ఆలస్యం వల్లే మనం కూడా లోపలికి వచ్చాం, 1844లోనే తలుపు మూసేసి ఉంటే మన తాతముత్తాతల్లో ఎంతమంది సువార్త విని ఉండేవాళ్లు?

చదువుకునే పిల్లలు, పెళ్లి కావాల్సినవాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది, ఆయన వచ్చేస్తుంటే ఈ డిగ్రీలు, ఇల్లు కట్టుకోవడాలు, సేవింగ్స్ ఎందుకు అని. దీనికి 1 కొరింథీ 15 చదివించాలి, అదీ అధ్యాయం చివర్లో ఆపకుండా. రెప్పపాటున, కడబూర (చివరి బూర) మోగగానే మనం మార్పు పొందుతాం, మరణమా నీ ముల్లెక్కడ అని పౌలు ఆకాశమంత ఎత్తుకి వెళ్లి, వెంటనే కాబట్టి స్థిరంగా ఉండండి, ప్రభువులో మీ కష్టం వృథా కాదు అని 58వ వచనంలో దిగుతాడు. పౌలు రాసినప్పుడు అధ్యాయాలు లేవు, కాబట్టి ఆయన కలం ఆగకుండా రాసిన తర్వాతి వాక్యం ఏంటంటే, ఇక చందా విషయం. యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం ప్రతి ఆదివారం మీలో ప్రతివాడూ తన సంపాదనని బట్టి కొంత పక్కన పెట్టండి, నేను వచ్చినప్పుడు హడావుడిగా పోగుచెయ్యొద్దు, ఆ డబ్బు తీసుకెళ్లడానికి మీరే నమ్మకస్తుల్ని ఎన్నుకోండి, వాళ్లకి ఉత్తరాలిచ్చి పంపిస్తా అన్నాడు.